పిల్లలకు ఫోన్ ఇవ్వాలా అని అడిగే ముందు, ఆ ఫోన్‌లో ఏమేం ఉన్నాయో చూద్దాం

2025 డిసెంబరు 10న ఆస్ట్రేలియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. పదహారేళ్ళ లోపు పిల్లలకు సోషల్ మీడియాలో సొంత ఖాతాలు ఉండకూడదు, ఉంటే తీసేయాల్సిన బాధ్యత ఆ కంపెనీలదే అన్నది దాని సారం. ఆ వార్త మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ప్రాణహిత ఒడ్డున ఉన్న మా సిరోంచ దాకా వచ్చేసరికి "ఆస్ట్రేలియాల పోరగాళ్ళకు ఫోన్లు బంద్ చేసిన్రట" అయి కూర్చుంది. చాయ్ హోటళ్ళలో ఇదే ముచ్చట, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే. మన సర్కారు ఎందుకు చెయ్యదని కొందరు, చేస్తే పిల్లల చదువులేం కావాలని కొందరు.

చట్టం మాత్రం ఫోన్ జోలికే పోలేదు. అక్కడి పద్నాలుగేళ్ళ పిల్ల ఇప్పటికీ ఫోన్ పెట్టుకోవచ్చు, వాట్సాప్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుకోవచ్చు, లాగిన్ కాకుండా యూట్యూబ్‌లో పాఠం చూడొచ్చు. ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ లాంటి చోట్ల తన పేర ఖాతా మాత్రం ఉండకూడదు. అంటే ఫోన్ వేరు, ఇంటర్నెట్ వేరు, ఖాతా వేరు, ఆ ఖాతాను పట్టుకుని ఒకదాని వెంట ఒకటి వచ్చిపడే వీడియోలు వేరు. వీటన్నిటినీ కలిపి ఒక్క పేరుతో పిలిచి "ఫోన్ మంచిదా, చెడ్డదా" అని వాదించుకుంటాం కాబట్టే ఆ వాదన ఎన్నాళ్ళయినా తెగదు. విడదీసి చూస్తే కొన్ని ప్రశ్నలకు జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. కొన్నిటికి దొరకదు.

కీప్యాడ్ ఫోన్‌కూ స్మార్ట్‌ఫోన్‌కూ అసలు తేడా

టచ్ స్క్రీన్ ఉంటే స్మార్ట్‌ఫోన్, బటన్లు ఉంటే మామూలు ఫోన్ అనుకుంటాం. అది పైకి కనిపించే తేడా. లోపల రెండూ కంప్యూటర్లే. టార్చి లైటు ఉన్న పాత నోకియాలోనూ ప్రాసెసర్ ఉంది, మెమరీ ఉంది, ప్రోగ్రాములు ఉన్నాయి. కాకపోతే ఆ ప్రోగ్రాములన్నీ కంపెనీ వాళ్ళు ఫ్యాక్టరీలో పెట్టి పంపినవే. పాము ఆట ఉంటే ఉంది, లేకపోతే లేదు. కొన్నాక ఆ ఫోన్ కొత్త పని నేర్చుకోవడమంటూ దాదాపు ఉండదు.

స్మార్ట్‌ఫోన్‌ను వేరు చేసేది ఇక్కడే. దాన్ని నడిపే మూల ప్రోగ్రాము, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, బయటివాళ్ళు రాసిన ప్రోగ్రాములను లోపలికి రానిస్తుంది, వాటికి కెమెరాను, మైకును, ఇంటర్నెట్‌ను వాడుకునే దారి ఇస్తుంది. ఐబీఎం 1994లో అమెరికాలో అమ్మిన 'సైమన్' ఫోన్‌కే టచ్ స్క్రీన్ ఉంది, దాంతో ఈమెయిల్, ఫ్యాక్స్ పంపుకోవచ్చు. 2007లో ఐఫోన్ వచ్చింది. అయితే అందులోకి బయటివాళ్ళ యాప్‌లు వేసుకునే యాప్ స్టోర్ తెరుచుకున్నది 2008లో. ఆండ్రాయిడ్‌తో నడిచే మొదటి ఫోన్ వచ్చింది కూడా అదే ఏడాది. మనం ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ అంటున్నది నిజంగా అప్పుడు మొదలైంది. కొన్న రోజు ఫోన్‌లో ఏముందన్నది పెద్ద విషయం కాదు. కొన్నాక అందులోకి ఏమొస్తుందన్నదే విషయం.

దీనికి ఇంకో మూడు తోడయ్యాయి. చుట్టుపక్కల సంగతి కనిపెట్టే సెన్సర్లు, ఎప్పుడూ తెగకుండా ఉండే ఇంటర్నెట్, 'ఈ ఫోన్ వాడేది ఫలానా మనిషి' అని గుర్తుపెట్టుకునే ఖాతా.

ఇక్కడే చిన్న మెలిక ఉంది. "పిల్లాడికి బటన్ ఫోనే కొనిచ్చినం, ఏం కాదు" అనేవాళ్ళు మా దగ్గర చాలామంది. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్ గుర్తుందా? దానికి బటన్లే. అయినా 2018లో అందులోకి యూట్యూబ్, వాట్సాప్ రెండూ వచ్చాయి. ఈ రోజు దుకాణంలో దొరికే 4జీ కీప్యాడ్ ఫోన్లలో కొన్ని ఇలాంటివే. బటన్లు ఉన్నంత మాత్రాన ఇంటర్నెట్ లేదని కాదు.

నది ఒడ్డున నిలబడ్డ ఫోన్‌కు తానెక్కడుందో ఎలా తెలుస్తుంది

సెన్సర్లు ఏం చేస్తాయో తెలుసుకోవడానికి సరిహద్దుకు మించిన చోటు లేదు.

సిరోంచలో ఒడ్డు దగ్గర నిలబడితే కొన్నిసార్లు ఫోన్ అవతలి ఒడ్డు టవర్‌ను పట్టుకుంటుంది. టెలికాం లెక్కల్లో తెలంగాణ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్లోనే ఉంది, మనది మహారాష్ట్ర సర్కిల్. కాలు కదపకుండానే 'రోమింగ్' అని చూపించేది, వచ్చిన కాల్‌కూ డబ్బులు కోసేవాళ్ళు. అన్‌లిమిటెడ్ ప్లాన్లు వచ్చాక ఆ గొడవ పోయింది. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్న ఇళ్ళ గురించి ఎన్నికలప్పుడల్లా పేపర్లలో వస్తుంటుంది. అక్కడా ఫోన్‌కు ఈ తగాదా పట్టదు, ఏ టవర్ సిగ్నల్ గట్టిగా ఉంటే ఆ రాష్ట్రమే.

మామూలు కీప్యాడ్ ఫోన్ ఎక్కడుందో ఆ టవర్‌ను బట్టే తెలుస్తుంది. పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ఆ అంచనాలో కిలోమీటర్ల తేడా ఉంటుంది. స్మార్ట్‌ఫోన్‌లో జీపీఎస్ చిప్ ఉంటుంది. అది ఉపగ్రహానికి ఏమీ పంపదు, వినడమే దాని పని. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు "నా టైము ఇంత, నేను ఇక్కడున్నా" అని చెప్తూ ఉంటాయి. రేడియో తరంగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నడినెత్తి మీదున్న ఉపగ్రహం నుంచి మన దాకా రావడానికి 20,200ను 3,00,000తో భాగిస్తే వచ్చేంత సేపు, అంటే 0.067 సెకను పడుతుంది. అలా నాలుగు ఉపగ్రహాల నుంచి పట్టిన సమయాన్ని పోల్చి ఫోన్ తన చోటు లెక్కకడుతుంది. మూడు చాలవా అంటే, ఫోన్‌లోని గడియారం అంత కచ్చితమైంది కాదు, దాని తప్పు దిద్దుకోవడానికి నాలుగోది కావాలి. సెకనులో పది లక్షలో వంతు తేడా వస్తే చోటు 300 మీటర్లు పక్కకు జరుగుతుంది. ఒడ్డున ఉన్నవాణ్ణి నీళ్ళలో చూపించడానికి అది చాలు.

ఫోన్ అడ్డంగా తిప్పితే బొమ్మ తిరగడానికి, ఎన్ని అడుగులు నడిచామో చెప్పడానికి యాక్సిలరోమీటర్ ఉంటుంది. కాల్ మాట్లాడుతుంటే చెవి తగిలి బటన్లు నొక్కుకోకుండా స్క్రీన్‌ను ఆర్పేది ఇంకో సెన్సర్.

వీటిలో ఏదీ పిల్లలకు దానంతటదే చెడు చేసేది కాదు. బస్సు దిగని కూతురు ఎక్కడుందో తల్లి చూసుకునేది ఈ చిప్ వల్లే. అదే చిప్ చెప్పే చోటును, అనుమతి ఇచ్చేస్తే, ఆటల యాప్ కూడా చూస్తుంది. రంగులు నింపే బొమ్మల ఆటకు లొకేషన్ ఎందుకో నాకైతే ఇంతవరకు అర్థం కాలేదు.

వేలు ఎక్కడ ఆగిందో చూసుకునే ఫీడ్

మన దగ్గర పెద్దవాళ్ళు "ఫోన్ పట్టుకుంటే వదలడు" అని మొత్తుకునేది దాదాపు ఎప్పుడూ ఒక్క భాగం గురించే. అది ఫీడ్. కింది నుంచి పైకి తోసేకొద్దీ ఇంకోటి, ఇంకోటి వస్తూనే ఉండే చిన్న వీడియోలు. కాల్ మాట్లాడుతూ వదలని పిల్లాణ్ణి, కాలిక్యులేటర్ వదలని పిల్లాణ్ణి ఎవరూ చూసుండరు.

అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. పదేళ్ళ పిల్లాడు అమ్మ ఫోన్ తీసుకున్నాడు అనుకుందాం. బురదలో దిగబడ్డ ట్రాక్టర్‌ను ఇంకో ట్రాక్టర్ లాగుతున్న వీడియో వచ్చింది, 40 సెకన్లది. వాడు లైక్ కొట్టలేదు, కామెంటు రాయలేదు. రెండుసార్లు చూశాడంతే. తర్వాత వంట వీడియో వస్తే రెండు సెకన్లకే తోసేశాడు. తర్వాత జేసీబీ వచ్చింది, ఆగాడు. ఒక పాట వచ్చింది, సగంలో తోసేశాడు. పది నిమిషాల్లో ఇలాంటి గుర్తులు ఇరవై ముప్ఫై పోగవుతాయి. ఇలాగే ట్రాక్టర్ దగ్గర ఆగి వంట దగ్గర తోసేసిన లక్షలమంది తర్వాత ఏం చూశారో యంత్రం దగ్గర లెక్క ఉంటుంది. దాన్నిబట్టి వీడు దేని దగ్గర ఆగే అవకాశం ఎక్కువో అదే ముందుకు తెస్తుంది. వాడు చూస్తుండగానే తర్వాతి వీడియో వెనక లోడ్ అవుతూ ఉంటుంది, చాలు అనిపించే సందు దొరకదు.

అంగడిలో గాజులమ్మేవాళ్ళు కూడా మన చూపు ఏ రంగు మీద ఆగిందో కనిపెట్టి అదే డజను ముందర పెడతారు. కాకపోతే చీకటి పడితే ఆ దుకాణం ఎత్తేస్తారు.

మా లాంటి చోట ఇంకో చిక్కు ఉంది. ఆ ఖాతా అమ్మది. యంత్రం దృష్టిలో చూస్తున్నది ముప్పై అయిదేళ్ళ మనిషి. మర్నాడు అమ్మ జాకెట్ డిజైన్ల కోసం తెరిస్తే ట్రాక్టర్లు వరస కడతాయి, అది నవ్వుకునే విషయం. కానీ రాత్రి పెద్దన్న అదే ఫోన్‌లో ఏం చూశాడో దానికి తగ్గవి పొద్దున తమ్ముడి ముందుకు వస్తాయి. పిల్లల కోసం కంపెనీలు పెట్టిన రక్షణలన్నీ 'ఈ ఖాతా పిల్లలది' అని తెలిసినప్పుడే పనిచేస్తాయి. ఇల్లంతటికీ ఒకే ఫోన్ ఉన్నచోట అవి దాదాపు ఉన్నా లేనట్టే. సొంత ఫోన్ లేదు కదా అని నిశ్చింతగా ఉండే తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

గంటన్నర అంటే ఏడాదికి ఎంత

"రోజూ గంటన్నరే చూస్తాడు" అంటారు. లెక్క చూద్దాం. రోజుకు గంటన్నర చొప్పున 365 రోజులకు 547 గంటలు దాటుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8వ తరగతి దాకా బడి ఏడాదికి 220 రోజులు నడవాలి, 1,000 గంటలు పాఠం చెప్పాలి. అంటే రోజుకు గంటన్నర చూసే పిల్లాడు బడిలో పాఠం వినే సమయంలో సగానికి పైగా ఫోన్ ముందు గడుపుతున్నాడు. మూడు గంటలైతే 1,095, బడినే దాటేసింది. బడికి ఆదివారాలు, సెలవులు ఉన్నాయి. ఫోన్‌కు లేవు.

ఈ లెక్క ఒక్కటే చూసి బెదరక్కర్లేదు. ఆ 547 గంటల్లో పదో తరగతి లెక్కలు ఎన్ని, రీల్స్ ఎన్ని అన్నది ఇందులో లేదు. ఆ గంటలు దేన్నుంచి తీసినవన్నది కూడా లేదు. నిద్రలోంచా, ఆటలోంచా, ఊరికే అరుగు మీద కూర్చునే టైములోంచా?

పరిశోధకులు ఎక్కడ ఒప్పుకుంటున్నారు, ఎక్కడ పోట్లాడుకుంటున్నారు

2012 తర్వాత అమెరికా లాంటి దేశాల్లో టీనేజీ పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో దిగులు, ఆందోళన పెరిగాయని అక్కడి లెక్కలు చెప్తున్నాయి. న్యూయార్క్ యూనివర్సిటీలో ఉండే జొనాథన్ హైట్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త దీనికి ప్రధాన కారణం స్మార్ట్‌ఫోన్, సోషల్ మీడియా అంటారు. పద్నాలుగేళ్ళ దాకా స్మార్ట్‌ఫోన్ వద్దు, పదహారేళ్ళ దాకా సోషల్ మీడియా వద్దు అన్నది ఆయన వాదన.

అవతలి పక్షం కూడా గట్టిదే. కాలిఫోర్నియా యూనివర్సిటీలో పిల్లల మనస్తత్వం మీద పనిచేసే క్యాండిస్ ఆడ్జర్స్ లాంటివాళ్ళు రెండూ ఒకే కాలంలో పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదంటారు. ముందే దిగులుగా ఉన్న పిల్లలే ఫోన్‌లోకి ఎక్కువ పోతున్నారేమో అన్నది వాళ్ళ అనుమానం. అమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ అనే ఇద్దరు 2019లో 3,55,358 మంది కౌమార పిల్లల సమాచారం తిరగేసి చూశారు. పిల్లల మానసిక స్థితుల్లో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడ్డది మహా అయితే 0.4 శాతమేనని తేలింది. బంగాళాదుంపలు తినడానికీ పిల్లల మనసుకూ మధ్య కనిపించిన సంబంధం కూడా దాదాపు అంతే ఉందని వాళ్ళు చమత్కరించారు.

మరి ఎవరిది నిజం? నాకు అనిపించేది ఇది. సగటు లెక్క మొత్తం పిల్లలందరిదీ. అందులో రోజూ అరగంట చూసేవాడు, రాత్రి రెండింటి దాకా చూసేవాడు కలిసిపోతారు. 'స్క్రీన్ వాడకం' అన్న ఒక్క మాటలో తాతతో వీడియో కాల్, రీల్స్, పాఠం అన్నీ కలిసిపోతాయి. సగటు చిన్నగా ఉందంటే ఎవరికీ ఏమీ కాలేదని కాదు. అలాగని మన పిల్లాడికి తప్పకుండా ఏదో అవుతుందనీ కాదు. ఈ పరిశోధనల్లో చాలావరకు అమెరికా, బ్రిటన్ పిల్లల మీద జరిగినవన్నది కూడా మరిచిపోకూడదు.

గొడవ తక్కువున్న సంగతులు కొన్ని ఉన్నాయి. పడుకునే ముందు, పక్కలో ఫోన్ ఉంటే నిద్ర తగ్గుతుందన్న మాట చాలా అధ్యయనాల్లో తేలింది. దగ్గరి చూపుతో ఎక్కువసేపు గడపడం, ఆరుబయట తక్కువ తిరగడం పిల్లల్లో దూరపు చూపు మందగించడానికి తోడ్పడతాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి పిల్లలను రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచితే మూడేళ్ళలో చూపు మందగించిన వాళ్ళు 30.4 శాతం, అలా ఉంచని బడుల్లో 39.5 శాతం. ఇక్కడ తప్పు ఫోన్ ఒక్కదానిదే కాదు, నాలుగు గోడల మధ్య ఉండిపోవడానిది. చిన్నపిల్లల సంగతిలో వైద్యులు ఇంకా స్పష్టంగా ఉన్నారు. భారతీయ శిశువైద్యుల అకాడమీ రెండేళ్ళ లోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దంటుంది, బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ తప్ప. రెండు నుంచి అయిదేళ్ళ దాకా గంట మించొద్దంటుంది.

రేడియేషన్ భయం గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఫోన్ తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అన్న వర్గంలో పెట్టింది. సాక్ష్యం గట్టిగా లేనప్పుడు పెట్టే వర్గం అది. ఫోన్ తరంగాల నుంచి ఒంట్లోకి చేరే శక్తికి మన దేశంలో పరిమితి ఉంది, కణజాలం కిలోకు 1.6 వాట్లు. ఫోన్‌లో *#07# కొడితే మీ ఫోన్ విలువ కనిపిస్తుంది. పిల్లల విషయంలో ఫోన్ గురించి బెంగపడాల్సిన వాటిలో ఇది ముందు వరసలో లేదు.

మిర్చి సీజన్లో ఫోన్ అంటే ఏమిటి

పట్నాల్లో జరిగే చర్చలో ప్రతి పిల్లకూ ఒక గది, ప్రతి తల్లికీ ఒక ఫోన్ ఉన్నట్టే మాట్లాడతారు. సంక్రాంతి దాటాక గడ్చిరోలి, చంద్రపూర్ పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు ఖమ్మం, వరంగల్ వైపు మిర్చి ఏరడానికి పోతాయి. వారాలు, నెలలు అక్కడే. పిల్లలు అవ్వ దగ్గరో, ఆశ్రమశాల హాస్టల్లోనో ఉంటారు. అవ్వ చేతిలో ఉన్న ఫోన్‌లో సాయంత్రం అమ్మ మొహం కనిపించడమే ఆ పిల్లలకు ఫోన్. దాన్ని 'స్క్రీన్ టైమ్' అని లెక్కేసి తగ్గించమంటే అర్థముండదు.

చదువుల్లో ఫోన్ పల్లెల్లోకి చొరబడ్డది కరోనా కాలంలో. గ్రామీణ పిల్లల చదువు మీద సర్వే చేసే అసర్ నివేదికల ప్రకారం 2018లో బడి పిల్లల ఇళ్ళలో 36.5 శాతం చోట్ల స్మార్ట్‌ఫోన్ ఉంటే 2021కి అది 67.6 శాతమైంది. 2024 అసర్ లెక్కల్లో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అంతకు ముందు వారంలో చదువుకు సంబంధించి వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవాళ్ళు 76 శాతం. వాడటం వచ్చినవాళ్ళలో సొంత ఫోన్ ఉన్నది మగపిల్లల్లో 36.2 శాతం మందికి, ఆడపిల్లల్లో 26.9 శాతం మందికి.

ఆ చివరి రెండు అంకెల మధ్య ఉన్న సందు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. "పిల్లలకు ఫోన్ వద్దు" అన్న మాట మా దగ్గర చాలాసార్లు "పిల్లకు వద్దు" అన్న చోట ఆగిపోతుంది. పదో తరగతి పిల్లాడు సైకిల్ మీద ఫోన్ మోగించుకుంటూ పోతుంటాడు, వాడి అక్కకు కాలేజీ అడ్మిషన్ మెసేజ్ చూసుకోవాలంటే తమ్ముణ్ణి అడగాలి.

తాళంచెవి ఎవరి దగ్గర ఉంది

ఏ వ్యాసం చదివినా చివర ఒక సలహా ఉంటుంది, 'పేరెంటల్ కంట్రోల్ పెట్టుకోండి' అని. గూగుల్ వాళ్ళ ఫ్యామిలీ లింక్ లాంటివి నిజంగానే పనికొస్తాయి. యాప్ వేయాలంటే తల్లిదండ్రుల అనుమతి అడుగుతాయి, రాత్రి ఫలానా టైముకు ఫోన్‌ను లాక్ చేస్తాయి. అయితే వీటి వెనక ఒక ఊహ ఉంది. ఫోన్ సంగతి పిల్లల కంటే తల్లిదండ్రులకు ఎక్కువ తెలుసని.

మా తాలూకాలో ఒక తెలుగు ఇల్లు చూడండి. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. టీచర్ వాట్సాప్ గ్రూపులో 'ఉద్యా శాళేలా సుట్టీ' అని పెడతారు, రేపు బడికి సెలవని. అమ్మకు మరాఠీ మాట్లాడితే అర్థమవుతుంది, చదవడం రాదు. కొడుకును పిలిచి "ఏమొచ్చిందిరా, చూడు" అంటుంది. స్కాలర్‌షిప్ ఫారం నింపేది వాడు, గ్యాస్ బుక్ చేసేది వాడు, బ్యాంకు ఓటీపీ చదివి చెప్పేదీ వాడే. ఆమె జీమెయిల్ ఖాతా మొదట్లో తెరిచిందే వాడు, పాస్‌వర్డ్ వాడికే తెలుసు. పద్దెనిమిదేళ్ళ లోపు వారి పేర సిమ్ ఇవ్వరు కాబట్టి నంబరు అమ్మ పేర ఉంది. దాని వెనకే బ్యాంకు ఖాతా, యూపీఐ ఉన్నాయి. కాగితం మీద ఫోన్ అమ్మది, నడిపేది కొడుకు. ఇలాంటి చోట పేరెంటల్ కంట్రోల్ పెట్టమంటే పెట్టేది కూడా వాడే.

దీన్ని వాడి తప్పు అనలేం. ఆ ఇంటికి వాడు చేస్తున్నది పెద్ద సాయం. కానీ ఆటలో ఏదో కొనబోయి అమ్మ డబ్బులు పోవడం, ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే వాడే చదివి చెప్పడం లాంటి నష్టాలు ఫీడ్ కంటే ముందు జరుగుతాయి. డబ్బు పోతే ఫిర్యాదు చేసే 1930 నంబరు చాలా ఇళ్ళలో తెలియదు.

వయసును బట్టి ఏ భాగం పనికొస్తుంది

నాలుగేళ్ళ పిల్ల అవ్వ దగ్గర ఉంది. ఆమెకు పనికొచ్చేది ఒక్కటే, అమ్మతో వీడియో కాల్. దానికి కావాల్సినవి కెమెరా, ఇంటర్నెట్. తన పేర ఖాతా అక్కర్లేదు, ఫీడ్ అక్కర్లేదు. అన్నం తినిపించడానికి ఫోన్ పెట్టడం వేరే సంగతి, అది అవ్వ ఓపికకు సంబంధించింది. ఆ ఓపిక లేకపోవడం కూడా నిజమే.

పన్నెండేళ్ళ పిల్లాడు ఆశ్రమశాలలో ఉన్నాడు. వాడికి కావాల్సింది ఇంటికి మాట్లాడే దారి. ఇంటర్నెట్ లేని ఫోన్‌తో ఆ పని అయిపోతుంది. స్మార్ట్‌ఫోన్ ఇస్తే అదనంగా దక్కేది పాఠాల వీడియోలు. వాటితో పాటు రాత్రి పూట పెద్దవాళ్ళెవరూ చూడని గదిలో తెరిచి ఉన్న యాప్ స్టోర్ కూడా దక్కుతుంది. ఈ రెండింటిలో ఏది బరువైందో ఆ హాస్టల్లో వార్డెన్ ఎలా చూసుకుంటారన్నదాన్ని బట్టి మారుతుంది.

పదహారేళ్ళ పిల్ల పన్నెండో తరగతికి వచ్చింది, నీట్ రాయాలనుకుంటోంది, ఊళ్ళో కోచింగ్ లేదు. ఆమె దగ్గర స్మార్ట్‌ఫోన్ లేకపోతే పోయేది నిజంగా పోతుంది. హాల్ టికెట్ దగ్గర్నుంచి ఫలితం దాకా అన్నీ ఫోన్‌లోనే. ఆమెకు ఫోన్ వద్దనేవాళ్ళు సాధారణంగా చెప్పే కారణం చదువు కాదు, "ఎవరితో మాట్లాడుతదో" అన్న భయం. తెలియనివాళ్ళు పరిచయం చేసుకుని ఫోటోలతో బెదిరించడం జరుగుతున్న మాట వాస్తవమే. కానీ అలాంటిది జరిగినప్పుడు "ఫోన్ గుంజుకుంటారు" అన్న భయంతోనే పిల్లలు ఇంట్లో చెప్పరు. దాచిపెట్టేకొద్దీ బెదిరించేవాడికే బలం.

ఊరి తీర్మానాలు, దేశాల చట్టాలు

ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో, పుసద్ తాలూకా బాన్సీ గ్రామం 2022 నవంబరులో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు మొబైల్ వాడకూడదని గ్రామసభలో తీర్మానించింది. అదే ఏడాది సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడగావ్ ఇంకో దారి పట్టింది. రోజూ సాయంత్రం 7 గంటలకు సైరన్ మోగుతుంది, ఎనిమిదిన్నర దాకా ఇంటిల్లిపాదీ టీవీ, ఫోన్ పక్కన పెట్టాలి. ఈ రెండింటికీ ఉన్న తేడా గమనించదగ్గది. మొదటిది పిల్లలకు మాత్రమే, రెండోది పెద్దవాళ్ళకు కూడా. పెద్దవాళ్ళు పాటించని నియమం పిల్లల దగ్గర నిలవదన్నది వడగావ్ వాళ్ళకు అర్థమైనట్టుంది.

ఫ్రాన్స్ 2018లోనే పదిహేనేళ్ళ దాకా పిల్లలు బళ్ళో ఫోన్ వాడకుండా చట్టం చేసింది. 2023లో యునెస్కో చూసేనాటికి ఇలాంటి నిషేధం ఉన్నవి ప్రపంచంలో నాలుగో వంతు దేశాలు కూడా లేవు. ఇవి బడి వేళల నియమాలు, ఇంట్లో ఏం చేయాలో చెప్పవు. ఆస్ట్రేలియా చట్టం ఖాతాను పట్టుకుంది. దాన్ని సమర్థించేవాళ్ళు, ఒక్కో తల్లి ఒంటరిగా కంపెనీతో కొట్లాడలేదంటారు. వ్యతిరేకించేవాళ్ళు, పిల్లలు దొంగ వయసు పెడతారని, వయసు రుజువు పేరుతో అందరి వివరాలూ కంపెనీల చేతికి పోతాయని, మారుమూల పిల్లలకు ఉన్న ఒక్క తోడూ పోతుందని అంటారు.

మన దేశంలో ఫోన్ మీద నిషేధం లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వేరే వైపు నుంచి వస్తుంది. అది పద్దెనిమిదేళ్ళ లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ళ సమాచారం వాడాలంటే తల్లి లేదా తండ్రి అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతిని సరిచూసుకోవాలి. పిల్లలు ఏం చేస్తున్నారో వెంటాడి గమనించడం, దాన్నిబట్టి ప్రకటనలు చూపించడం కుదరదు, చదువు, వైద్యం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. పైన చెప్పిన ట్రాక్టర్ లెక్కకు అడ్డుపడగల నియమం ఇదే. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అప్పుడు పెట్టిన గడువు ప్రకారం ఈ భాగం 18 నెలల తర్వాత అమలు కావాలి.

అనుమతి అడిగే ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషల్లో దేనిలోనైనా గానీ చూసుకునే వీలు ఇవ్వాలని కూడా ఆ చట్టంలో ఉంది. మహారాష్ట్రలో ఉన్నంత మాత్రాన మరాఠీలోనే చదవాలని లేదు, సిరోంచ అమ్మ దాన్ని తెలుగులో అడగొచ్చు. చదవడం రాని అమ్మకు ఎవరు వినిపించాలన్నది మాత్రం అందులో లేదు. ప్రస్తుతానికి మా ఇళ్ళలో ఆ పని కొడుకులే చేస్తున్నారు.